మాట ఇచ్చినవాడు వెళ్లిపోయాక

2014 మార్చి 25న ఫేస్‌బుక్ ఆక్యులస్ అనే చిన్న కంపెనీని దాదాపు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆక్యులస్‌కి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. కాలిఫోర్నియా కుర్రవాడు పామర్ లకీ తల్లిదండ్రుల ఇంట్లో విడిభాగాలు కూర్చుకుంటూ తయారుచేసిన వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ దానికి పునాది. 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా రెండున్నర లక్షల డాలర్లు కావాలని అడిగితే, తొమ్మిదిన్నర వేల మంది కలిసి 24 లక్షలకు పైగా ఇచ్చారు. తాము డబ్బు పోసి నిలబెట్టిన కంపెనీ ప్రకటనల వ్యాపారి చేతికి పోతోందని తెలిసి వాళ్లలో చాలామంది మండిపడ్డారు. మైన్‌క్రాఫ్ట్ ఆటను సృష్టించిన మార్కస్ పెర్సన్ ఆక్యులస్‌తో సాగుతున్న చర్చలను అక్కడికక్కడే ఆపేశాడు. అప్పటికి 21 ఏళ్ల లకీ వాళ్లకు ఓపిగ్గా జవాబులు రాశాడు. హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రతిసారీ ఫేస్‌బుక్‌లోకి లాగిన్ కావాల్సిన అవసరం రాదని హామీ ఇచ్చాడు. ఆరేళ్లు గడిచాయి. 2020 ఆగస్టులో కంపెనీ కొత్త నియమం పెట్టింది: అక్టోబరు నుంచి ఎవరు కొత్తగా ఈ హెడ్‌సెట్ వాడాలన్నా ఫేస్‌బుక్ ఖాతా ఉండాల్సిందే. లకీ కంపెనీ వదిలి వెళ్లి అప్పటికి మూడేళ్లు దాటింది. అబద్ధం చెప్పావని జనం తిరగబడితే అతను దాచకుండా జవాబిచ్చాడు. ఆ హామీలకు అప్పట్లో ఫేస్‌బుక్ ఒప్పుకుందని, అవి నిలబడతాయని తానూ నిజంగానే నమ్మానని, తనకన్నా లోకం ఎక్కువ చూసినవాళ్ల అనుమానమే చివరికి నిజమైందని రాశాడు.

లకీ మోసగాడా కాదా అన్న తగవులో పడితే అసలు సంగతి చెయ్యి జారిపోతుంది. అతను మనసారా చెప్పాడనే అనుకుందాం. అప్పుడే ఈ కథకు బరువు పెరుగుతుంది, ఎందుకంటే నిజాయతీపరుడు ఇచ్చిన మాట కూడా నిలవలేదు. కంపెనీ చేతులు మారినప్పుడు యంత్రాలు, పేటెంట్లు, ఉద్యోగుల ఒప్పందాలు, వాడుకరుల డేటా అన్నీ కొత్త యజమానికి వెళ్తాయి. స్థాపకుడు నోటితో చెప్పిన మాట ఒక్కటే ఏ పత్రంలోకీ ఎక్కదు. టెక్నాలజీ స్థాపకుల నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉందని పుస్తకాలు, సదస్సులు మనకు చెబుతూనే ఉంటాయి. గోప్యత విషయంలో వాళ్ల జీవితాలు నేర్పే పాఠం ఇదేనని నా వాదన: డేటా కంపెనీది, మాట మనిషిది. ఈ రెంటినీ కలిపి కట్టగలిగేది చట్టం ఒక్కటే. అదీ కుదరకపోతే ఆ డేటాను అసలు సేకరించకపోవడం.

వర్చువల్ రియాలిటీ దగ్గర ఈ ప్రశ్న ఎందుకింత పదునెక్కుతుందో తెలియాలంటే దాని పుట్టుకలోకి వెళ్లాలి. అమెరికాలో మార్టన్ హైలిగ్ అనే సినిమా మనిషికి 1962లో సెన్సొరామా అనే యంత్రం మీద పేటెంట్ వచ్చింది. కూర్చుని తల లోపలికి పెడితే బొమ్మ లోతుగా కనబడుతుంది, రెండు చెవులకూ శబ్దం వినబడుతుంది, కుర్చీ అదురుతుంది, మొహానికి గాలి కొడుతుంది, వాసనలు కూడా వస్తాయి. చూసేవాడికి ఇన్ని ఇచ్చిన ఆ యంత్రం వాడి నుంచి తీసుకున్నది ఏమీ లేదు. తల ఎటు తిప్పినా అందులో బొమ్మ మారదు, తల ఎటు తిరిగిందో దానికి తెలియదు కనుక. ఆరేళ్ల తరవాత, 1968లో, ఐవాన్ సదర్లాండ్ తన విద్యార్థులతో కలిసి నిర్మించిన పరికరం ఈ సంబంధాన్ని తిరగేసింది. కళ్ల ముందు రెండు చిన్న పిక్చర్ ట్యూబులు, తలకట్టు నుంచి గది పైకప్పు దాకా ఒక లోహపు కడ్డీ. తల కదిలినప్పుడల్లా కడ్డీ కదులుతుంది, ఆ కదలికను కొలిచి కంప్యూటర్ గీతలతో గీసిన బొమ్మను కొత్త కోణంలో మళ్లీ గీస్తుంది. గాలిలో ఒక ఘనం నిలబడి ఉన్నట్టు, దాని చుట్టూ మనం తల తిప్పి చూస్తున్నట్టు అనిపించడానికి కారణం ఆ కొలతే. 1980ల్లో జారన్ లానియర్ కంపెనీ వీపీఎల్ రీసెర్చ్ అమ్మిన డేటాగ్లోవ్ వేళ్ల వంపును ఆప్టికల్ ఫైబర్‌తో కొలిచేది. అంటే శరీరాన్ని కొలవకుండా వర్చువల్ రియాలిటీ లేదు. కొలవడాన్ని తప్పుపట్టేవాళ్లు ఈ సాంకేతికతనే వద్దనాలి. నేను అలా అనను. దర్జీకి కొలతలు ఇస్తాం, చొక్కా కుట్టడానికని. ఆ కొలతల పుస్తకాన్ని అతను ఇంకెవరికైనా అమ్మితే ఏమిటన్నదే ప్రశ్న.

ఒకందుకు తీసుకున్న కొలతను మరొకందుకు అమ్మడం కంప్యూటర్లతో మొదలైన అలవాటు కాదు. 1837 నాటి ఆర్థిక సంక్షోభంలో దెబ్బతిన్న న్యూయార్క్ పట్టు వ్యాపారి లూయిస్ టాపన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీని స్థాపించాడు. ఊరూరా లాయర్ల లాంటి స్థానికుల నుంచి వర్తకుల గురించి ఆరాలు తెప్పించి, పెద్ద పెద్ద చిట్టాల్లో చేత్తో రాయించి, చందాదారులకు వినిపించే వ్యాపారం అది. ఎవరికి అప్పివ్వచ్చో తెలుసుకోవడం దాని ప్రయోజనం. ఆ చిట్టాల్లోకి ఆస్తితో పాటు తాగుడు, సంసారం, నడవడి కూడా ఎక్కాయి. 1899లో అట్లాంటాలో వుల్ఫర్డ్ సోదరులు ఇదే పనిని కిరాణా కొట్ల బాకీలతో మొదలుపెట్టారు. ఎవరు ఖాతా తీరుస్తారు, ఎవరు ఎగ్గొడతారు అన్న జాబితా అది. క్రమంగా బీమా కంపెనీలు ఆ ఆరాలకు కొనుగోలుదారులయ్యాయి. ఆ కంపెనీ పేరు రిటైల్ క్రెడిట్. కోట్ల మంది అమెరికన్ల సొంత బతుకుల గురించి అది ఫైళ్లు పోగుచేసిందని 1960ల చివర్లో కాంగ్రెస్‌లో గగ్గోలు లేచాక, 1970లో పరపతి సమాచారంపై మొదటి సమాఖ్య చట్టం వచ్చింది. 1975లో కంపెనీ పేరు మార్చుకుని ఈక్విఫాక్స్ అయింది.

ఆ ఈక్విఫాక్సే 1990లో లోటస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీతో కలిసి ‘మార్కెట్‌ప్లేస్: హౌస్‌హోల్డ్స్’ అనే సీడీ తీసుకురాబోయింది. సుమారు 12 కోట్ల మంది అమెరికన్ల పేర్లు, చిరునామాలు, ఆదాయపు అంచనాలు, కొనుగోలు అలవాట్లు ఒక చిన్న పళ్లెంలో పెట్టి చిన్న వ్యాపారులకు అమ్మాలని ఉద్దేశం. పెద్ద కంపెనీలకు ఈ జాబితాలు ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. అవి ఇప్పుడు వీధి చివరి కొట్టువాడి చేతికి కూడా వస్తాయనేసరికి జనానికి ఒళ్లు జలదరించింది. తమ పేరు తీసేయమని సుమారు 30,000 మంది కోరారు. 1991 జనవరిలో రెండు కంపెనీలూ ఆ సరుకును విడుదలకు ముందే మానుకున్నాయి. జనం అడ్డుపడితే ఆగుతుందనడానికి దీన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. ఆగింది ఆ సీడీ మాత్రమే, జాబితాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తరవాతి ఘట్టం డబుల్‌క్లిక్‌ది. నా దృష్టిలో ఆక్యులస్ కథకు అసలు నమూనా ఇదే. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లీ కుకీని తయారుచేసినప్పుడు అతని అవసరం చిన్నది: ఒక వెబ్‌సైట్ తన దగ్గరికి వచ్చిన మనిషిని మరుసటి పేజీలో గుర్తుపట్టాలి, బుట్టలో వేసిన వస్తువు మాయం కాకూడదు. కెవిన్ ఒకానర్, డ్వైట్ మెరిమన్ పెట్టిన డబుల్‌క్లిక్ ఆ కుకీనే వేలాది సైట్లలో ప్రకటనలు చూపించడానికి వాడుకుంది. మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో తెలుసుకుంటుంది, మనిషి పేరు తెలియదు. గోప్యత గురించి అడిగినవాళ్లందరికీ అదే సమాధానం. 1999లో అబాకస్ డైరెక్ట్ అనే కంపెనీని కొంది. కేటలాగుల ద్వారా తపాలాలో సరుకు తెప్పించుకునే కోట్ల కుటుంబాల పేర్లు, చిరునామాలు అబాకస్ దగ్గర ఉన్నాయి. ఈ రెంటినీ జోడించాలన్న పథకం బయటపడగానే వినియోగదారుల సంఘాలు ఫిర్యాదు చేశాయి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ మొదలుపెట్టింది. 2000 మార్చిలో ఒకానర్ బహిరంగంగా ఒప్పుకున్నాడు, నియమాలేవీ లేని వేళ పేర్లను కలపాలనుకోవడం తన పొరపాటని. ఆ మాటకు అప్పట్లో మెప్పు వచ్చింది, రావలసిందే కూడా. 2007లో గూగుల్ 310 కోట్ల డాలర్లకు డబుల్‌క్లిక్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటనల డేటాను వ్యక్తి గుర్తింపుతో కలపబోమన్న వాక్యం గూగుల్ గోప్యతా విధానంలో చాలా ఏళ్లు నిలిచింది. 2016 వేసవిలో దాన్ని తీసేశారు. ఒకానర్ వెనక్కి తీసుకున్న పనికి పదహారేళ్లకు వేరే ఇంట్లో, కొత్త షరతుల కింద తలుపు తెరుచుకుంది. ఈసారి వీధుల్లో అలజడి లేదు.

వాట్సాప్ గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. దాని ఇద్దరు స్థాపకుల్లో ఒకడైన జాన్ కూమ్ సోవియట్ ఉక్రెయిన్‌లో పెరిగినవాడు, ఫోన్లో మాట్లాడటానికి జంకే సమాజాన్ని చూసినవాడు. ప్రకటనలంటే గిట్టనివాడు. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్‌కు అమ్ముతూ ఏమీ మారదని రాశాడు. 2016 ఆగస్టులో వాట్సాప్ ఫోన్ నంబర్లను ఫేస్‌బుక్‌తో పంచుకునేలా షరతులు మారాయి. కొనుగోలు సమయంలో, రెండు ఖాతాలను నమ్మకంగా జోడించే వీలు లేదని ఫేస్‌బుక్ యూరోపియన్ కమిషన్‌కు చెప్పింది. ఆ వీలు అప్పటికే ఉందని తేల్చిన కమిషన్ 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2021 నాటి షరతుల మార్పుపై మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అప్పటికి ఇద్దరు స్థాపకులూ కంపెనీలో లేరు.

ఈ మూడు కథల్లోనూ కొన్నది పెద్ద కంపెనీ, దాని కడుపు నింపేది ప్రకటనలు. కనుక ఇది ఒక రకం కొనుగోలుదారు లక్షణమే తప్ప అమ్మకం లక్షణం కాదని ఎవరైనా అనవచ్చు. అలా కాదని చెప్పే సాక్ష్యం దివాలా కోర్టుల్లో ఉంది. పిల్లల బొమ్మలు అమ్మే టాయ్‌స్మార్ట్ తన ఖాతాదారుల వివరాలు మూడో మనిషికి ఎన్నడూ ఇవ్వనని రాసిచ్చింది. 2000లో మూతపడగానే అదే జాబితాను అమ్మకానికి పెట్టింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కాక, చివరికి డిస్నీ అనుబంధ సంస్థ 50,000 డాలర్లు చెల్లించి ఆ జాబితాను నాశనం చేయించింది. వేలిముద్రతో చెల్లింపులు జరిపే పే బై టచ్ 2007లో చితికిపోయినప్పుడు ఆ వేలిముద్రలు ఎవరి పాలవుతాయన్న భయం పుట్టింది. ఆ భయంలోంచే 2008లో ఇల్లినాయ్ రాష్ట్రం బయోమెట్రిక్ చట్టం చేసింది. అప్పులవాళ్ల ముందు దివాలా కంపెనీకి మిగిలేది ఆస్తుల పట్టిక. జాబితా ఆ పట్టికలో ఆస్తిగా కనబడుతుంది, మాట కనబడదు.

ఇక హెడ్‌సెట్ డేటా దగ్గరికి వద్దాం. ఇప్పటి పరికరాలు తలను, రెండు చేతులను మామూలుగా సెకనుకు 90 సార్లు కొలుస్తాయి. ఒక్కోదానికి స్థానం మూడు సంఖ్యలు, తిరుగుడు మూడు సంఖ్యలు. మొత్తం 18. స్టాన్‌ఫర్డ్‌లో వర్చువల్ రియాలిటీ ప్రయోగశాల నడిపే జెరమీ బెయిలెన్‌సన్ 2018లో లెక్క వేశాడు: ఇరవై నిమిషాలు హెడ్‌సెట్ పెట్టుకుంటే శరీర భాషకు సంబంధించి 20 లక్షలకు కాస్త తక్కువ నమోదులు పోగవుతాయి. 2020లో అదే ప్రయోగశాల 511 మందిపై అధ్యయనం చేసింది. ఐదు నిమిషాల లోపు కదలికలు చాలు, ఆ గుంపులోంచి మనిషిని 95 శాతం సార్లు సరిగ్గా పట్టుకోవడానికి. 2023లో బర్క్‌లీ పరిశోధకులు బీట్ సేబర్ అనే ఆట ఆడిన 55,541 మంది కదలికలను తీసుకున్నారు. పాటకు తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మలను చేతిలోని కాంతి కత్తితో నరకడమే ఆ ఆట. నూరు సెకన్ల ఆట చూపిస్తే వాళ్ల ప్రోగ్రాం ఆడినవాళ్లను 94 శాతానికి పైగా సరిగ్గా గుర్తించింది. భుజం ఎత్తు, చెయ్యి పొడవు, వేటు వేసే ముందు మణికట్టు తిరిగే తీరు ఇంతమందిలోనూ చాలావరకు ఎవరివి వారివే. పేరు తీసేశాం కదా, ఇక భయమేముంది అన్న పాత జవాబు ఇక్కడ చెల్లదు. డబుల్‌క్లిక్‌కు పేరు కావాలంటే అబాకస్‌ను కొనాల్సి వచ్చింది. ఇక్కడ కదలికే పేరు. కుకీని చెరిపేయవచ్చు, ఫోన్ నంబరు మార్చుకోవచ్చు. నడకను మార్చుకోలేం.

దీనికి రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. ప్రకటనల వల్లే సామాన్యుడికి సేవలు ఉచితంగా అందుతున్నాయన్నది మొదటిది. వెతుకులాటకు, సందేశాలకు సంబంధించి ఇందులో నిజముంది. నెలకు వంద రూపాయలు కట్టలేని కోట్ల మందికి ఆ ఉచితం నిజంగా మేలు చేసింది. హెడ్‌సెట్ అలా ఉచితంగా రాలేదు. 2020లో వచ్చినప్పుడు ఆక్యులస్ క్వెస్ట్ 2 హెడ్‌సెట్ ధర 299 డాలర్లు. 2021 జూన్‌లో ఫేస్‌బుక్ హెడ్‌సెట్ లోపల ప్రకటనల ప్రయోగానికి ఎంచుకున్న బ్లాస్టన్ కూడా డబ్బు పెట్టి కొనుక్కునే ఆటే. ఆటగాళ్లు అంతగా తిరగబడ్డారు కనుకే తయారీదారులు కొద్ది రోజుల్లోనే తప్పుకున్నారు. కదలికల డేటాను ప్రకటనలకు వాడే ఆలోచన లేదని కంపెనీ అప్పట్లో చెప్పింది. ఆ మాటను నమ్మకపోవడానికి నా దగ్గర ఆధారం లేదు. అలాంటి మాటకు ఆయుష్షు ఎంతన్నది మాత్రం పైన చూశాం.

రెండోది ఇంకా గట్టిది: జనం ఒత్తిడికి కంపెనీలు దిగివస్తూనే ఉన్నాయి కదా, చట్టం ఎందుకు? ఫేస్‌బుక్ ఖాతా నియమం కూడా 2022 ఆగస్టులో పోయింది, కంపెనీ కొత్త పేరుతో మెటా ఖాతా అనే వేరే ఏర్పాటు వచ్చింది. వాడుకరుల కోపం పని చేయలేదని నేననను. జర్మనీలో ఏం జరిగిందో కూడా దాని పక్కన ఉంచి చూడాలి. నియమం అమలుకు ముందే, 2020 శరదృతువులో, కంపెనీ అక్కడ హెడ్‌సెట్ల అమ్మకం ఆపేసుకోవలసి వచ్చింది. డిసెంబరులో, వ్యాపార పోటీని పర్యవేక్షించే జర్మన్ కార్టెల్ కార్యాలయం విచారణ తెరిచింది. ఆ కార్యాలయం వెంటపడుతుండగానే ఖాతా నియమం సడలింది. ఒకానర్ వెనక్కి తగ్గినప్పుడూ విచారణ నడుస్తోంది. జనం కోపానికి ప్రభుత్వ విచారణ తోడైన చోట కంపెనీలు ఆగాయి. 2016లో గూగుల్ తన గోప్యతా విధానంలోని ఆ వాక్యాన్ని తీసేసినప్పుడు రెండూ లేవు. కోపానికి ఒక లోపముంది, అది వార్త ఉన్నంత సేపే ఉంటుంది.

అమెరికాలో గోప్యతకు శాసన రూపం వచ్చిందే ఒక ప్రకటన వల్ల అన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. అబిగైల్ రాబర్సన్ అనే యువతి ముఖాన్ని ఆమెను అడగకుండా గోధుమపిండి ప్రకటన మీద అచ్చువేసి 25,000 ప్రతులు అతికించారు. 1902లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు 4-3 తేడాతో ఆమె దావా కొట్టేసింది. జనాగ్రహం పెల్లుబికి, మరుసటి ఏడే ఒప్పుకోలు లేకుండా వ్యాపారానికి మనిషి పేరు, బొమ్మ వాడకూడదని ఆ రాష్ట్రం శాసనం చేసింది. ఆ శాసనం ఇప్పటికీ ఉంది. అతికించినవాడు ఎవరైనా, వాడి దగ్గర ఎవరు కొనుక్కున్నా అందరికీ వర్తిస్తుంది. 

సేకరించకపోవడమనే రెండో దారి కూడా ఊహ కాదు. 2024లో ఆపిల్ తెచ్చిన విజన్ ప్రో కళ్ల కదలికతోనే నడుస్తుంది. అయినా మనం ఎటు చూస్తున్నామో అందులోని యాప్‌లకు చెప్పదు. వేలితో నొక్కినట్టు సైగ చేసినప్పుడే ఎంపిక యాప్‌కు చేరుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ మార్పుతో రేపు ఇది మారదా అంటే, మారవచ్చు. అందుకే ఈ దారి ఒంటరిగా చాలదు. కానీ బయటికి పోని డేటా వేరేవాళ్ల ఆస్తుల పట్టికలోకి ఎక్కలేదు. తన కంపెనీ దెబ్బతిని, పేటెంట్లు చివరికి సన్ మైక్రోసిస్టమ్స్ పాలైన లానియర్, 2013లో పుస్తకం రాసి, డేటా ఇచ్చేవాళ్లకే దాని విలువ చెల్లించాలని వాదించాడు. ఆ పరిష్కారంతో నేను పూర్తిగా ఏకీభవించను. అవసరంలో ఉన్నవాడు ముందుగా అమ్ముకునేది తన గోప్యతనే అవుతుంది.

ఇదంతా దూరదేశపు ముచ్చట కాదు. గూగుల్ 2004లో, ఫేస్‌బుక్ 2010లో హైదరాబాద్‌లో కార్యాలయాలు తెరిచాయి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల నడవడిని కనిపెట్టి ఉండటాన్ని, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని అది నిషేధించింది. హెడ్‌సెట్ ఆటల కాలంలో ఇది చిన్న రక్షణ కాదు. చెప్పిన ప్రయోజనానికి మించి వాడాలంటే మళ్లీ అడగాలనే సూత్రం కూడా అందులో ఉంది. అయితే శరీరపు కొలతలకు ఆ చట్టం ప్రత్యేక స్థానం ఇవ్వలేదు. దానికన్నా నన్ను కలవరపెట్టేది 17వ సెక్షన్‌లోని ఒక మినహాయింపు. కోర్టు గానీ ట్రిబ్యునల్ గానీ ఆమోదించిన విలీనాలు, సంస్థ బదలాయింపులకు అవసరమైన మేరకు డేటాను వాడితే, ఒప్పుకోలుకు సంబంధించిన బాధ్యతలు, మనిషి హక్కులు చాలావరకు వర్తించవు. వ్యాపారాలు సాఫీగా చేతులు మారడానికి ఆ వెసులుబాటు కావాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. ప్రతి విలీనానికీ లక్షల మందిని విడివిడిగా అడగమనడం కుదరని పని. కానీ మాట జారిపోయే క్షణం సరిగ్గా అదే. తెలంగాణలో ఇలాంటి విలీనాలు హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకే వస్తాయి. అక్కడ అప్పులవాళ్ల, వాటాదారుల అభ్యంతరాలు వింటారు. డేటా ఇచ్చినవాళ్లకు ఆనాడు ఏ మాట ఇచ్చారో ఆ పథకంలోనే రాసి జతచేయాలని, కొన్నవాడు దానికి కట్టుబడతానని సంతకం చేశాకే ఆమోదం ఇవ్వాలని ఒక్క నిబంధన చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్నదానికి ఒక సవరణ సరిపోతుంది.